వేరే పార్టీ

"ఏమండీ! తలుపు వస్తలేదు!"

వెనక గదిలో చిక్కుకుపోయిన పూర్ణిమ గొంతు చించుకుంటోంది.

భర్త భానుప్రకాశ్, బ్రోకర్ నాగేష్ డాబా మీద నీళ్ల ట్యాంకు చూస్తున్నారు. వాళ్లకు వినపడితేగా! ఫోనేమో హాల్లో, బ్యాగులో ఉంది.

రేపే రిజిస్ట్రేషన్. తార్నాకలోని ఈ పాత ఇంటిని ఆఖరుసారి చూసుకుందామని వచ్చారు. కిటికీకి ఇనుప చువ్వలు, గది నిండా బూజు వాసన. ఆమెకు ఊపిరాడటం లేదు.

నిజానికి నెల రోజులుగా ఆమెకు ఊపిరాడటం లేదు. నెలాఖరుకు యూనివర్సిటీ క్వార్టర్ ఖాళీ చేయాలి. ఈ ఇల్లు తప్పిపోతే సామాన్లతో రోడ్డు మీద పడాల్సిందే. పైగా నాగేష్‌ది రోజూ ఒకటే పాట: "జల్ది చేయాలె మేడం, ఇల్లు కొంటమని వేరే పార్టీ తిరుగుతున్నది."

"ఎవరు బిడ్డా లోపల?" బయట ఎవరో ఆడమనిషి గొంతు.

"తలుపు పట్టేసింది! ఎవరినన్నా పిలువుండ్రి!"

"ఎవరూ ఎందుకు? బుగులు పడకు. గడియ పట్టుకొని జర పైకి లేపు. నేను గిటు నుంచి నూకుతా."

తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. ఎదురుగా నేత చీర కట్టుకున్న పెద్దావిడ, చేతిలో గుడ్డసంచి.

పూర్ణిమకు ప్రాణం లేచొచ్చింది. దండం పెట్టబోయి ఆగిపోయింది.

ఆవిడ గోడలు తడుముతోంది. అలమర తెరిచి లోపలికి తొంగి చూస్తోంది.

"ఈ తలుపు సంగతి మీకెట్ల తెలుసు?"

"మస్తుసార్లు తీసిన బిడ్డా. ఇల్లొకసారి సూసుకొని పోతా."

మస్తుసార్లా! అయితే వేరే పార్టీ ఈవిడేనన్నమాట!

భానుప్రకాశ్ కిందికి రాగానే చెవిలో ఊదింది. క్లాసులో కూడా గొంతు పెంచని లెక్చరర్ ముఖం ఎర్రబడింది.

"మాట అయిపోయిన ఇంట్ల మీకేం పని అమ్మా? ఇది మా ఇల్లు. నడువుండ్రి."

"మీ ఇల్లా?"

"కాకుంటే మీదా?"

ఆవిడ చెంగుతో కళ్లు తుడుచుకుని గేటు దాటి వెళ్లిపోయింది. ఆవిడను ఎన్నడూ చూడని నాగేష్, ఎవరైతే నాకేమని గేటుకు తాళం వేశాడు.

"బతికినం," అంది పూర్ణిమ.

మర్నాడు రిజిస్ట్రేషన్ ఆఫీసులో, ఇల్లు అమ్ముతున్న రాంచందర్ చెవి దగ్గరి ఫోను దించి బెంచీ మీద కూలబడ్డాడు.

"మా అక్క రానంటున్నది సార్. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉన్నది. ఆమె సంతకం లేకుంటే కాదు."

భానుప్రకాశ్‌కు చెమటలు పట్టాయి. "అదేంది? ఒప్పుకున్నదంటిరి గదా!"

"ఒప్పుకున్నది సార్. మాకు మాటల్లేక చాన ఏండ్లాయె. అయినా నేను పోయి బతిమిలాడితే, 'నాకు వాటా వద్దు తమ్మీ, తల్లిగారిల్లు ఒక్కసారి సూసొచ్చి సంతకం పెడత' అన్నది."

"మరి ఇప్పుడేమైంది?" పూర్ణిమ అడిగింది.

"ఎవరో ఏమో మేడం... నిన్న మా అమ్మ గదిల ఎవరో ఇరుక్కుంటే అక్కనే తలుపు తీసిందంట, వాళ్లే ఆమెను గేటు బయటికి పంపిండ్రంట."