ముందు ఓడ కొయ్య

హాలిఫాక్స్ రేవు వదిలాక అది నాలుగో రాత్రి. చెయ్యి చాపితే కనిపించనంత పొగమంచు. శత్రు జలాంతర్గాముల భయంతో, ఒకదాని వెనక ఒకటి వరసగా సాగే ఆ సరుకు ఓడల్లో ఒక్కటీ దీపం వెలిగించదు. ప్రతి ఓడా వెనక తాడు కట్టి ఒక కొయ్యను ఈడుస్తుంది. అది ఎగజిమ్మే తెల్లటి నీళ్లే వెనకొచ్చే ఓడకి దారి. ఓడ ముందు కొన మీద నిలబడి ఆ నీళ్లని కనిపెట్టే కాపలాలో వెండెల్‌ని మించినవాడు లేడు. ఆ మాట చెప్పేదీ అతనే.

"కొయ్య ఎదురుగానే ఉంది, నిక్షేపంగా!" అని ఫోనులో కెప్టెన్‌కి చెప్పాడు.

టీ తెచ్చిన సరంగు ఆంగస్ ఆగిపోయాడు. "ఎవరి కొయ్యరా?"

"ముందు ఓడది. నిన్న మునిగినదాని చోట్లోకి ఇంకోటి వచ్చిందిగా."

"ఎవరూ రాలేదురా. నిన్నటి నుంచి వరసలో ముందు మనమే."

"నాతోనా అన్నా పరాచికాలు? నువ్వే చూడు."

సరంగు వంగి చూశాడు. ఎదుట తెల్లటి నీళ్లు ఎగజిమ్ముతూనే ఉన్నాయి. వాళ్ల వెనక, వాళ్లనే నమ్ముకుని, పదకొండు ఓడలు వస్తున్నాయి.

అంతలో మంచు పలచబడింది. మంచు విడితే కొయ్యను లోపలికి లాగేసుకోవడం మామూలే. ఎదుట, ఏ ఓడా లేని నీళ్ల మీద, పదిమంది ఒక్కసారిగా తాడు లాగుతున్న చప్పుడు మొదలైంది.

ప్రతి లాగుకీ, వెండెల్ కాళ్ల కింద ఓడ ఒక్కో కుదుపుతో ముందుకు జరిగింది.