మీసం పందెం

"బస్తా, ఆ కేకు ముక్క అక్కడ పెట్టెయ్," అన్నాడు కాంట్రాక్టరు, బల్ల చుట్టూ అందరికీ వినబడేలా.

ఆయన భార్య చెంచాలో ఉన్న ముక్కని తిరిగి పళ్లెంలో పెట్టేసింది. అందరూ నవ్వారు. కాంట్రాక్టరు నోరు విప్పితే నవ్వకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. ఆ నవ్వులకి కావాల్సిన ముడిసరుకంతా ఇంట్లోదే. ఇంట్లోదంటే ఇల్లాలే.

"షికారు ఓడంటే లేచింది మొదలు తిండేనండీ. దీన్ని ఇలా వదిలేస్తే దిగేటప్పుడు క్రేను పిలవాలి," అన్నాడాయన ఎదురుగా కూర్చున్న రిటైర్డ్ హెడ్మాస్టరుతో. వాళ్ల పరిచయం ఓడ ఎక్కాక అయిందే.

హెడ్మాస్టరు గారి భార్య మాత్రం నవ్వలేదు. "వేలు అలా కమిలిపోయిందేమిటమ్మా? ఆ ఉంగరం తీసెయ్యరాదూ?" అంది.

"రాదండీ. సబ్బూ, నూనే అన్నీ అయ్యాయి. ఆ వేలికి స్పర్శ పోయి చాన్నాళ్లయింది. నొప్పి తెలీదు."

"పోనీ, కోయించెయ్."

"అమ్మో, ఆ మాట మాత్రం అనకండి!" అడ్డొచ్చాడు కాంట్రాక్టరు. "మా అమ్మ ఉంగరమది. గీత పడినా ఊరుకోను. ఈవిడ పుట్టింటికి పోతానని అలిగినప్పుడల్లా నేను ఒకటే చెప్తా. 'పోతే పో, మా అమ్మ ఉంగరం ఎలా తొడిగానో అలా తీసి నా చేతిలో పెట్టి పో.' ఇంకేముంది? అది రాదు, ఇది పోదు!"

హెడ్మాస్టరుకి నవ్వుతో పొలమారింది. కాంట్రాక్టరు భార్య ఆయనకి మంచినీళ్లు అందించింది. ఆమెకి కోపం రాలేదు, కన్నీళ్లూ రాలేదు. ఆ రెండూ ఆమె దగ్గరికి రావడం మానేసి చాలా కాలమైంది.

"ఎన్ని చెప్పినా, ఓడెక్కి ఒళ్లు చేయకుండా దిగినవాళ్లని నేను చూళ్లేదు," అన్నాడు హెడ్మాస్టరు కళ్లు తుడుచుకుంటూ.

"అయితే పందెం! దిగేరోజుకి మా బస్తా ఒక్క కిలో పెరిగినా, ఇదిగో, ఈ మీసం పదిమందిలో తీయించేసుకుంటాను."

"తగ్గితే?" అంది ఆమె.

అంతవరకు ఆ బల్ల దగ్గర ఆమె తనంతట తాను అన్న మాట అదొక్కటే. కాంట్రాక్టరు మీసం దువ్వాడు. "తగ్గితేనా? ఏం కోరితే అది!"

మర్నాటి నుంచి మీసం కాపలా మొదలైంది. రోజూ పొద్దున్నే వ్యాయామశాలకి తీసుకెళ్లి కాటా ఎక్కించేవాడు. ఓడ పైకి లేస్తే ముల్లు ఒక అంకె చూపేది, కిందికి దిగితే ఇంకో అంకె. ఆయన ఎప్పుడూ పెద్ద అంకే చదివి, "కక్కుర్తి!" అనేవాడు. ఆమె సరేననేది. లిఫ్టు వద్దంటే మెట్లెక్కేది. ఐస్ క్రీం వద్దంటే మానేసేది. ఆయన చెప్పనివి కూడా చేసేది. ఉప్పు తింటే ఒళ్లు ఉబ్బుతుందని ఉప్పు లేకుండా ఉడికించిన కూరగాయలే తినేది. నోట్లో వాటికి రుచి లేదు. లేదని ఆమెకి బాధా లేదు.

ఆమెది టైలరింగు. ముల్లు ఊగే కాటా కన్నా కొలతనే నమ్మే మనిషి. స్నానాల గదిలో తలుపేసుకుని, సూదిడబ్బీలోంచి దారం తీసి కొలుచుకునేది. బయటినుంచి కాంట్రాక్టరు అరిచేవాడు. "దారంతో కాదే, నీకు మోకు కావాలి!"

ఒక సాయంత్రం పై అంతస్తులో చుట్లు తిరుగుతుంటే హెడ్మాస్టరు గారి భార్య చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "మొహం పీక్కుపోయిందమ్మా. ఆయనగారి మీసం కోసం ఇంత కడుపు మాడ్చుకోవాలా?"

"ఆయన మీసం కోసం కాదండీ, నా కోసమే."

"ఇంత తగ్గి ఏం చేస్తావు?"

"ఏమోనండీ. ముందు తగ్గనీండి," అని మళ్లీ నడక సాగించింది. సముద్రం అందంగా ఉందని అక్కడ అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. ఆమె అటు చూసింది. నీళ్లున్నాయి, అంతే.

దిగే రోజు వచ్చింది. ఓడ రేవులో కట్టేసి ఉంది కాబట్టి ముల్లు ఊగలేదు. కాటా ఎక్కిన మొదటి రోజు కన్నా బాగా కిందకి వెళ్లి నిలబడింది. కాంట్రాక్టరు కాటా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, హెడ్మాస్టరుని వెతుక్కుంటూ పరుగెత్తాడు.

ఆమె భోజనశాలకి వెళ్లింది. "ఒక గ్లాసు నిండా ఐసుముక్కలు ఇస్తారా?" అని అడిగింది.

"ఏదైనా జ్యూసు కలపనా మేడమ్?" అన్నాడు వడ్డించేవాడు.

"వద్దు బాబూ. తాగడానికి కాదు."

గ్లాసు తీసుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. చాలాసేపటికి బయటకి వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి. ఎడమచేతి పిడికిలి మూసే ఉంది. కుడిచేతిలో తన పెట్టె.

దిగే మెట్ల దగ్గర కాంట్రాక్టరు పదిమందిని పోగేసి మీసం మెలేస్తున్నాడు. "చూశారా మాస్టారూ? మగాడన్నాక ఇంట్లో మాట చెల్లాలి! నా మాట మీద నిలబడింది కాబట్టే ఇంత తగ్గింది. రావే బస్తా, రా! మాటంటే మాటే. ఏం కావాలో కోరుకో!"

హెడ్మాస్టరు చప్పట్లు కొట్టాడు. హెడ్మాస్టరు గారి భార్య కొట్టలేదు. ఆవిడ ఆ పిడికిలినే చూస్తోంది.

"ముందు మీరు చెయ్యి చాపండి," అంది కాంట్రాక్టరు భార్య.

"ఓహో, నాకే బహుమానమా?" అంటూ అందరి వంకా చూసి కన్ను గీటి, ఆయన అరచెయ్యి చాచాడు.

ఒక్క గీతైనా పడని వాళ్లమ్మ ఉంగరాన్ని ఆ చేతిలో పెట్టి, "అది వచ్చిందండీ," అని, ఆమె ఒక్కతే మెట్లు దిగి వెళ్లిపోయింది.