కాళ్ళ నిపుణుడు

ఆ అడవిలో ముళ్ళు తీసే వైద్యమంతా కొంగలదే. కుందేలు పిల్లకి ఎడమకాల్లో ముల్లు దిగితే, కునికిపాట్లు పడుతూ కొంగ వైద్యుడు కుడికాలు పొడిచేశాడు. పిల్ల ఇప్పుడు రెండు కాళ్ళూ ఈడుస్తోంది. ఇంకే పిల్లనీ అతను ముట్టుకోకుండా చెయ్యాలని తల్లి కుందేలు పిల్లని తీసుకెళ్ళి కొంగల వైద్య సంఘంలో ఫిర్యాదు పెట్టింది.

"కూర్చో తల్లీ! తప్పు చేస్తే మావాడైనా వదలం," అన్నాడు అధ్యక్షుడు. అంత తియ్యగా మాట్లాడేసరికి కుందేలుకి గుబులు పుట్టింది.

"రూలు ప్రకారం మా కాళ్ళ నిపుణుడు పిల్లని పరీక్షించాలి."

"ఎవరండీ ఆయన?"

మూలనుంచి అదే కొంగ ముక్కు తుడుచుకుంటూ లేచాడు.

"పొడిచింది ఈయనే కదండీ!"

"అందుకేగా, కేసు ఈయనకి బాగా తెలుసు. ఏదీ బాబూ, కాలు చాపు."

పిల్ల తల్లి పొట్ట కిందికి దూరింది. కుందేలు దాన్ని పొదువుకుని బయటికి వచ్చేసింది. వెనక గుమాస్తా కొంగ గట్టిగా చదువుతున్నాడు: "ఫిర్యాదీ పరీక్షకి సహకరించలేదు. కేసు మూసివేయడమైనది."

గుమ్మం దగ్గర ఒక జింక, కుంటుతున్న పిల్లతో, ఆ వైద్యుడి కోసమే కాచుకుని ఉంది. కుందేలు వెళ్ళి దాని పక్కన చతికిలబడింది.

"లోపలికి తరవాత వెళ్దువుగాని అక్కా, ముందు మా పిల్ల కాళ్ళు చూడు."