దొంగాకు

“దొంగాకు కూడా దిగిందయ్యా!” యజమాని గోడషీటును బల్లమీద పడేశాడు. “పువ్వులు ఎక్కడో చూసి ఉంటావు, మనసులో ఉండిపోయాయి అనుకుంటా. మరి ఈ ఆకు సంగతేమిటి?”

బొమ్మలు గీసే మాస్టారు కళ్ళజోడు సవరించుకుని షీటు మీదికి వంగారు. కొత్తగా చూస్తున్నట్టు.

గోడలకు అంటించే షీట్లు తయారుచేసే కార్ఖానా అది. అడుగున గట్టి కాగితం పొర, దానిమీద బొమ్మల పొర, ఆపైన గాజులాంటి పూత. బొమ్మలు గీసేవాళ్ళు ప్రతి డిజైనులోనూ ఎక్కడో ఒక తప్పును కావాలనే దాస్తారు. ఆకుల ఈనెలన్నీ కొసవైపు సాగుతుంటే, ఒక్క ఆకులో మాత్రం వెనక్కి తిరిగి ఉంటాయి. అదే దొంగాకు. కొనేవాళ్ళ కంటికి అది ఆనదు. ఎవరైనా కాపీ కొడితే మాత్రం అదే సాక్ష్యం. అందుకే కాపీ కొట్టేవాడు ముందు దాన్ని వెతికి సరిచేసి, ఆ తర్వాతే మిగతా పని చూసుకుంటాడు. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి కూడా తెలిసిన విద్య.

“ఈ పనిలోనే తల నెరిసింది నీకు. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?”

“దిగిపోయింది సార్,” అన్నారు మాస్టారు.

ఆ జవాబుకు యజమాని తల పట్టుకున్నాడు. అవతలి కంపెనీవాళ్ళు నోటీసు పంపారు గానీ పెద్దమనుషులే. ఆ పువ్వులు తీసేసి, తప్పయిందని నాలుగు ముక్కలు రాసిస్తే వదిలేస్తామన్నారు.

“రాసిచ్చెయ్. పువ్వులు పోతే పోయాయి, నువ్వు కనిపెట్టిన పూత మనకు మిగులుతుంది. దానికి నీ పేరనే పేటెంటు తీసుకుందామనుకుంటున్నానా, లేదా? మొండికేసి, రేపు ఎదురుగా తప్పు తేలిందనుకో. దొంగ అనిపించుకున్నవాడి పేరు దానిమీద పెట్టలేను. పనిలోనూ ఉంచుకోలేను.”

“రాసివ్వను సార్. ఆ బొమ్మ గీసినవాళ్ళను రమ్మనండి. అసలు కాగితం తెచ్చి నా కళ్ళెదుట పెడితే, అప్పుడు ఒప్పుకుంటాను.”

ఇంత మెత్తటి మనిషికి ఇంత పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో యజమానికి అంతుబట్టలేదు. విసుక్కుంటూనే కబురు పంపించాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ, రంగులు కలిపే ఆవిడ మాస్టారి ఎదుట కూర్చుంది. కార్ఖానాలో ఆయన్ను మందలించే చనువు ఆమె ఒక్కదానికే ఉంది.

“ఏళ్ళ తరబడి ఆ పూత కోసం కళ్ళు కాయలు కాశాయి మీకు. ఇప్పుడు పంతానికి పోయి నోటిదాకా వచ్చింది నేలపాలు చేసుకుంటారా అన్నయ్యగారూ?”

మాస్టారు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ‘అన్నయ్య’ అని ఎవరు పిలిచినా ఆయనకు అంతే.

“ఆ పూత ఎందుకు మొదలెట్టానో తెలుసామ్మా? మా చెల్లి చిన్నప్పుడు మా ఇంటి గోడమీద పువ్వుల్ని తడిమి, చేతికి తగలట్లేదన్నయ్యా అని ఏడ్చేది. ఇప్పుడు తగులుతాయి. పువ్వు ఎక్కడ అచ్చయిందో పూత సరిగ్గా అక్కడే లేస్తుంది. తీరా పని అయ్యేసరికి చూడ్డానికి అది లేదు.”

“లేదంటే...?”

“ఉంది, బంగారంలా ఉంది. నాకే లేదు. నాన్న మా ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి గీయడం నేర్పాడు. ఆయన పోయాక నాన్న గీసిన బొమ్మలన్నీ ఓ కార్ఖానాకి అమ్మేశాను. దాన్ని మాటమాత్రం అడగలేదు. జన్మలో నీ గడప తొక్కను, నీ ముఖం చూడను అని వెళ్ళిపోయింది.”

“మీరే ఓ మెట్టు దిగి వెళ్ళకపోయారా?”

“మెట్లన్నీ దిగేశానమ్మా. గుమ్మం దాకా వెళ్తే ఇంట్లో లేదని చెప్పించింది. ఫోను చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తుంది. ఒక్కసారి చూడాలని ఉంది. తిట్టినా సరే, ఎదురుగా నిలబడి తిడితే చాలు.”

రంగులావిడ తన గిన్నెలోని కూర కొంచెం ఆయన కంచంలో వేసింది.

వారం తిరక్కుండా యజమాని మాస్టారిని పిలిచాడు. “నీ పంతమే నెగ్గింది. ఆ బొమ్మ గీసినవాళ్ళు ముందు కుదరదన్నారట. ఎవడో తమ గీత దొంగిలించి పైగా ఒప్పుకోనంటున్నాడని తెలిసేసరికి ఒళ్ళు మండిపోయి, కాగితం పట్టుకుని తామే బయల్దేరారట. రేపు పొద్దున్నే. నీ సామాను సర్దుకుని మరీ రా.”

మరుసటి రోజు మాస్టారు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, నున్నగా గడ్డం గీసుకుని వచ్చారు. రంగులావిడ దగ్గర ఆగి, జుట్టు సరిగ్గా ఉందా అని అడిగారు.

“ఏమిటయ్యా ఇది? ఉద్యోగం ఊడేరోజు పెళ్ళిచూపులకొచ్చినట్టు తయారయ్యావు,” అన్నాడు యజమాని.

మాస్టారు నవ్వడానికి ప్రయత్నించి, తలుపు వైపు తిరిగి కూర్చున్నారు.

తలుపు తెరుచుకుంది. నడివయసు స్త్రీ లోపలికి వచ్చింది. ఎవరికీ నమస్కారం పెట్టలేదు, కూర్చోలేదు. చంకలోని కాగితపు చుట్ట తీసి బల్లమీద పరిచి, పక్కనే కార్ఖానా షీటు పెట్టింది. రెండింటిలోనూ ఆ ఆకు ఒకేలా వెనక్కి తిరిగి ఉంది. యజమాని గట్టిగా నిట్టూర్చాడు.

“ఇప్పుడేమంటావయ్యా?”

“కాపీయే సార్. నేనే కొట్టాను,” అన్నారు మాస్టారు. ఆయన చూపు కాగితం మీద లేదు.

ఆమె ముఖం ఎర్రబడింది. “ఈ విద్యలో పుట్టి పెరిగినవాళ్ళు మీరు. ఆ ఆకును చూసి కూడా ఎందుకు ఉంచారు? ఇలా పట్టుబడతారని తెలియదా?”

“పట్టుబడకపోతే నువ్వొచ్చేదానివా చెల్లాయ్?”