రెండు వందల పన్నెండు చోట్ల శశాంక్

అనీస్ ఇంటి ముందు శశాంక్ పది నిమిషాలుగా నిలబడి ఉన్నాడు. చేతిలో లడ్డూల డబ్బా. వేలు కాలింగ్ బెల్ దాకా వెళ్తోంది, వెనక్కి వస్తోంది.

మేడ మీద బట్టలు ఆరేస్తున్న సబీహా చూసింది. ఆవిడ అనీస్ అక్క.

"ఏం బాబూ, బెల్లు కరుస్తుందా? పైకి రా. కాలేజీ గేటు దగ్గర నీ ఫ్లెక్సీ చూశాం. మీసం బ్రహ్మాండంగా కుదిరింది."

"నాకు మీసం లేదక్కా."

"అందుకే చెప్తున్నా, పెంచు."

శశాంక్‌కి నవ్వు రాలేదు. ఆ ఫ్లెక్సీలో తనది కానిది మీసం ఒక్కటే కాదు.

ప్రోగ్రాముల అడుగున ఉండి వాటిని నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. రన్‌టైమ్ అంటారు. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. కాకపోతే అది పెద్ద కంప్యూటర్ల మీదే నడిచేది. ఆర్మ్ అనే చిన్న చిప్పుతో నడిచే, అరచేతిలో పట్టే బోర్డు మీద దాన్ని నడిపించగలిగితే, గుడివాడ వైపు చేపల చెరువుల గట్టున పెట్టెయ్యొచ్చు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గగానే, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు వాటంతటవే తిరుగుతాయి.

నడిపించింది అనీస్. ఎనిమిది నెలలు పట్టింది. పెద్ద కంప్యూటర్ చూసీచూడనట్టు వదిలేసే తప్పుల్ని ఈ చిన్న చిప్పు వదలదు. మొదలెట్టిన మరుక్షణం కూలబడేది. కింద వాళ్ల నాన్న రోల్డ్ గోల్డ్ గొలుసులు అతుకుతుంటే, పైన అనీస్ ఒక్కో వరుసా విప్పి మళ్లీ రాశాడు. శశాంక్ చేసిందల్లా టీలు తేవడం, బోర్డు వేడెక్కినప్పుడు తాటాకు విసనకర్రతో విసరడం.

ల్యాప్‌టాప్ మాత్రం శశాంక్‌ది. అనీస్‌ది పాడైపోతే, తన కొత్తది తెచ్చి ఆ గదిలోనే వదిలేశాడు.

రాసిన ముక్క భద్రం చేసిన ప్రతిసారీ, పక్కన రాసినవాడి పేరు పడుతుంది. శశాంక్ అని పడింది. మొత్తం రెండు వందల పన్నెండు చోట్ల.

మూడో వారంలోనే శశాంక్ కంట పడింది. తన ల్యాప్‌టాప్ గనక తన పేరు పడుతోంది కాబోలు. చెప్దామనుకున్నాడు. రేపు చెప్దామనుకున్నాడు. ఈలోగా ఆ రన్‌టైమ్ ప్రాజెక్టు చూసుకునే పెద్దలు ఎక్కడో జర్మనీ నుంచి "శభాష్ శశాంక్" అని మెయిల్ రాశారు. శశాంక్ వాళ్ల నాన్న వెంకటసుబ్రహ్మణ్యం గారు దాన్ని ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, పాలవాడికి కూడా చదివి వినిపించారు. ఇక నోరు పెగల్లేదు.

బోర్డులు బిగించే రోజున అనీస్‌కి జ్వరం. శశాంక్ ఒక్కడే చెరువుల దగ్గరికి వెళ్లాడు. పెద్దిరాజు అనే రైతు భుజం తట్టి, "రాసింది నువ్వేనా అబ్బాయ్?" అన్నాడు. శశాంక్ తల అవునని కాకుండా, కాదని కాకుండా ఊపాడు. ఆ ఊపు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

వేసవి గడిచింది. ఒక్క చేపా చచ్చి తేలలేదు. దివిసీమ నుంచి కూడా బోర్డులు కావాలని కబుర్లొచ్చాయి. రేపు కాలేజీలో సన్మానం.

గదిలో అనీస్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"రారా," అన్నాడు. తల ఎత్తలేదు. వారం నుంచి ఫోనూ ఎత్తడం లేదు.

కోపం ఉండదా మరి, అనుకున్నాడు శశాంక్. డబ్బా తెరిచి ముందు పెట్టాడు.

"అనీస్, నేను దొంగనిరా."

"లడ్డూలు కొట్టుకొచ్చావా?"

"జోకులొద్దురా. నీ పని మీద నా పేరు పడింది. నాకు మొదట్నుంచీ తెలుసు. ఒక్క నిమిషం కూర్చుంటే మార్చెయ్యొచ్చు. మార్చలేదు. మా నాన్నగారు నన్ను చూపించి 'మావాడు' అని చెప్పుకుంటుంటే బాగుందిరా. ఇన్నేళ్లలో ఎప్పుడూ అన్లేదు. అదీ సంగతి."

అనీస్ చేతిలో లడ్డూ పొడిపొడి అయిపోయింది. ఒక్క పలుకూ నోట్లోకి వెళ్లలేదు.

"రేపు మైకులో చెప్పేస్తా. రాసింది అనీస్ అని. శాలువా నీకే కప్పిస్తా."

అనీస్ ఉలిక్కిపడ్డాడు. "వద్దొద్దు! మైకులో నా పేరెత్తకు. నీకు దణ్ణం పెడతా."

"ఎందుకురా ఇంత మంచితనం? తిట్టు. ఒక్కటి పీకు. నాకు తేలికవుతుంది."

"మంచితనం అనకురా బాబూ."

"ఎందుకనకూడదు? ఎనిమిది నెలలు కళ్లు పోగొట్టుకుని రాశావ్. పేరు నేను మింగేశా. ఒక్క మాటన్నావా? నీ కాళ్లకి దణ్ణం పెట్టినా తక్కువే."

శశాంక్ నిజంగానే వంగాడు. అనీస్ గభాల్న కాళ్లు కుర్చీ మీదకి లాక్కున్నాడు. ముఖం కందిపోయింది. శశాంక్ కేసి చూడలేక గోడకేసి తిరిగాడు.

"మొదటి రోజు ల్యాప్‌టాప్ రాసేవాడి పేరేంటని అడిగితే, నా కోడ్ వల్ల ఎప్పుడైనా చేపలు చచ్చి తేలితే రైతులు మా ఇంటి మీదకి కాకుండా మీ ఇంటి మీదకి రావాలని, నీ పేరు టైపు చేసింది నేనేరా."