పైడమ్మకు వచ్చిన జ్వరం

ప్రతి మనిషి రోగనిరోధక జన్యువుల వివరాలనూ ఊరూరా భద్రపరిచే రోజులవి. ఎక్కడో ఒక దీవిలో పిల్లలను పీడిస్తున్న కొత్త జ్వరాన్ని ఎదిరించే కణాలు, చేపలమ్మే పైడమ్మ రక్తంలో ఉన్నట్టు భీమిలి కేంద్రంలో పనిచేసే మెహరున్నీసా కనిపెట్టింది. పైడమ్మ సరేనంటేనే ఆ వివరాలు దీవికి పంపాలి. మెహరున్నీసా ఆత్రంగా రేవుకు వెళ్లి, పైడమ్మకు సంగతంతా చెప్పింది.

"ఈ జ్వరం మీకెప్పుడొచ్చిందమ్మా?"

"సిన్నప్పుడు నాకూ మా సెల్లికీ ఒక్కపాలే జొరమొచ్చినాది. నాను లెగిసినాను. అది లెగనేదు. అదేటి జొరమో ఎవులూ సెప్పనేదు," అంది పైడమ్మ. చేయి తుడుచుకుని అంగీకార పత్రం మీద వేలిముద్ర వేసింది. "పంపీ. ఆ పిల్లలైనా లెగాల."

"చెల్లెలి పేరు?"

"నూకాలు."

దీవికి పంపే పట్టికలో రక్తం ఇవ్వనివారికి చోటు లేదు. మెహరున్నీసా కొత్త గడి ఒకటి చేర్చి, నూకాలు పేరు రాసి పంపింది.

పదోరోజున దీవి నుంచి జవాబొచ్చింది. పిల్లలు కోలుకుంటున్నారట. నూకాలు గురించి ఇంకేమైనా తెలుసా అని అక్కడి వైద్యులు అడిగారు.