చేదతాడు

“అమ్మా, తాడు అందుతలేదు. ఇంకో ముక్కియ్యుండ్రి,” మా బావిలో నీళ్ళు తోడుతున్న బాలనర్సమ్మ కేకేసింది.

మావారు వరండాలో చెరువు నివేదిక నాకు చదివి వినిపించి, దాని మీద సంతకం పెడుతున్నారు. మా నాచారం ఇంటి వెనక, అనుమతి రాకముందే ఫ్యాక్టరీలవాళ్ళు పూడ్చడం మొదలుపెట్టిన చెరువు అది. అందులోని చేపలకూ గడ్డికీ చాకిరేవుకూ విలువ కట్టి, అంత విలువైన చెరువు చెంగిచెర్లలో తవ్వితే దీన్ని ఫ్యాక్టరీలకు పూడ్చి ఇవ్వొచ్చని తేల్చారు.

“గాడ తవ్వితే మన బాయిల ఊటొస్తదా సారూ?” అందామె.

“బావికీ చెరువుకీ ఏం సంబంధం?” నవ్వారు మావారు.

ఆమె తాడు ఎత్తి చూపింది. “గీ ముడి లారీలు మొదలు మట్టి పోసిననాడు ఏసిన. గిది చెర్వుకు నీళ్ళొచ్చే కాల్వ మూసిననాడు. గిది కట్ట తెంపిననాడు. ఇయ్యాల ఇంకోటి.”

ఆయన నవ్వు ఆగింది. “ముందే చెప్పలేదేం?”

“చెరువు విలువ కట్టడానికి రెండు వందల గడపలెక్కి అడిగారు. మన గడపలో ఎవర్నీ అడగలేదు,” అన్నాను. “ఇప్పుడైనా రాయండి.”

“ఫారంలో బావికి గడి లేదు.”

గేటు దగ్గర ఆఫీసు జీపు హారన్ మోగింది. ఆయన కాగితాలు ఇచ్చేసి వచ్చి, తలెత్తకుండా అడిగారు: “స్నానానికి నీళ్ళు?”

బాలనర్సమ్మ చేతిలోని తాడు తీసుకుని ఆయన చేతిలో పెట్టాను.